పక్కన మనిషి కావాల్సిన పుస్తకం

నేను చెబుతుంటే మా మనవరాలు సరిత రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

పోలండు దేశపాయన ఎప్పుడో రాసిన ఒకే పియానో పాటకు, వేరువేరు కంపెనీలు అచ్చేసిన రెండు పుస్తకాలు ఈ రోజు ముందేసుకుని కూర్చుంది. ఒకటి ఉంచుకుని ఇంకోటి వాపసు పంపాలట.

"గీ కొత్తదాంట్ల పేజీ అయిపోయే కాడ చెయ్యి ఖాళీ ఉంటది అమ్మమ్మా, నేనే తిప్పుకుంట. గా ఆకుపచ్చ అట్టదాంట్ల రెండు చేతులు ఉరుకుతుండంగనే పేజీ అయిపోతది. తిప్పనీకి పక్కన ఇంకో మనిషి ఉండాలె."

"గదే ఉంచుకో," అన్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మందమర్రిలో గని డాక్టరు గారింట్లో పనిచేసేదాన్ని. ఆయన భార్య, మా దొరసాని దగ్గరున్నది ఆ ఆకుపచ్చ అట్టదే. ఆమె పియానో వాయిస్తూ తల ఊపితే నేను పేజీ తిప్పేదాన్ని. నాకు అక్షరం రాదు. కానీ రోజంతా నేల మీద కూర్చునే నేను, ఆమె పక్కన స్టూలెక్కేది ఆ ఒక్క పాటకే.

"నీ చెయ్యి వణుకుతది గద అమ్మమ్మా?"

"నువ్వు తల ఊపు. వణుకుడు సంగతి నేను జూసుకుంట."

కొత్తది వాపసు పోతోంది. వంటింట్లోంచి స్టూలు వచ్చింది. పక్కన మనిషి అక్కర్లేని పుస్తకమే మంచిదనేవాళ్లుంటే, వచ్చి నాతో వాదించమనండి.