ఎర్రంచు గరిటెకు మూడో ఏడాది

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలానికి ముందు నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక చిన్న ఉద్యాన పరిశోధన కేంద్రానికి బదిలీ చేశారు. హోదా సీనియర్ శాస్త్రవేత్త. పని, కొత్త మొక్క రకాల పరీక్ష. అంతవరకు మిరప మీద పనిచేసినదాన్ని కాబట్టి ఇది నాకు పడిన శిక్ష అని చాలామంది అనుకున్నారు. ఓదార్చడానికి ఇంటికి వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి పంపేశాను. నోరు కాస్త తగ్గించుకుని ఉంటే ఖమ్మంలోనే ఉండేదాన్నని ఒకాయన సలహా కూడా చెప్పాడు. ఆయనకు టీ ఇవ్వలేదు.

ఈ పరీక్ష ఏమిటో ముందు చెప్పాలి. ఎవరైనా తమ దగ్గర కొత్త రకం ఉందని, దాన్ని తమ పేరున నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకుంటే మేం మూడు సంగతులు తేల్చాలి. ఇప్పటికే ఉన్న రకాలకూ దీనికీ స్పష్టమైన తేడా ఉందా? ఇది ప్రత్యేకత. నాటిన మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయా? ఇది ఏకరూపత. తర్వాతి తరంలోనూ అలాగే నిలుస్తుందా? ఇది స్థిరత్వం. కొత్తదాన్ని అభ్యర్థి రకం అంటాం. దాని పక్కన పెంచే పాతదాన్ని పోలిక రకం అంటాం. రెండింటినీ ఒకే నేలలో, ఒకే నీటితో పక్కపక్క వరుసల్లో రెండేళ్ళు పెంచి, కొలిచి, పట్టికలో రాస్తాం. చివర్లో బయటి నిపుణుల బృందం వచ్చి చూసి తీర్పు చెబుతుంది. అందం, ఉపయోగం, ధర మా లెక్కలోకి రావు. ఈ మాట చెప్పినప్పుడల్లా, అయితే మీరు చేసేదేమిటి అని అడిగేవాళ్ళు. తేడా చూడటం అనేదాన్ని. అది అందరూ చేసే పనే కదా అనేవాళ్ళు. కాదు. అందరూ తేడా ఉందంటారు, మేం తేడా ఎక్కడుందో చూపిస్తాం.

నేను చేరిన నెలలోనే నాగమణి వచ్చింది. దమ్మపేట దాటి అడవిలోకి తిరిగే దారిలో ఆమె ఊరు. ఆడవాళ్ళ సంఘంతో కలిసి జామాయిల్ మొక్కల నర్సరీ నడుపుతోంది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కుండీని నా బల్ల మీద, సరిగ్గా నా కాగితాల మీద పెట్టింది.

"ఇది రణపాలనే మేడమ్. కానీ రణపాల కాదు."

"రెండిట్లో ఏదో ఒకటి చెప్పమ్మా."

"మీరే చెప్పుండ్రి. సదువుకున్నది మీరు. నేను జూపెట్టేటిదాన్ని."

అప్పుడే నాకు ఆమె నచ్చింది.

రణపాల తెలియని ఇల్లు ఆ వైపున లేదు. దళసరి ఆకుల్లో నీరు దాచుకునే కండగల మొక్క. ఈ జాతివాటిని నర్సరీల్లో సక్యులెంట్లు అంటారు. ఆకు తెంచి నేల మీద పడేస్తే దాని అంచు నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. మామూలు రణపాల నడుము ఎత్తు వరకు సన్నగా సాగుతుంది. కింది ఆకులు ఒంటి ఆకులు. పై ఆకులు మాత్రం ఒకే తొడిమ మీద మూడుగా, ఒక్కోసారి ఐదుగా చీలి ఉంటాయి. నాగమణి తెచ్చింది మోకాలి దగ్గరే ఆగే గుబురు మొక్క. పైదాకా అన్నీ ఒంటి ఆకులే, ఒక్కొక్కటీ గరిటెలా లోపలికి గుంటపడి ఉంది. అంచు చుట్టూ చీరకు నేసినట్టు ముదురు ఎరుపు. పూలు కూడా మామూలు రణపాలలా నేలచూపులు చూడవని, పక్కకు తిరిగి సగం పైకి లేస్తాయని ఆమె చెప్పింది. తన పెరట్లో మామూలు రణపాల మడిలో ఒక పిల్లమొక్క ఇలా లేస్తే, దాన్ని విడిగా పెట్టి ఏళ్ళ తరబడి ఆకుల నుంచే పెంచుకుంటూ వచ్చింది.

ఆమెకు తొందర ఎందుకంటే, సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారి చూడటానికని కొన్ని కొమ్మలు అడిగి పట్టుకెళ్ళి, తానే పుట్టించిన రకమని చెప్పి అమ్మడం మొదలుపెట్టాడు. పరీక్షలో నెగ్గితే మొక్క నాగమణి పేరున నమోదవుతుంది. ఓడితే దరఖాస్తు కొట్టేస్తారు, ఇక ఎవరు ఏ పేరు పెట్టుకున్నా అడిగే హక్కు ఆమెకు ఉండదు.

మొదటి ఏడాది కేంద్రం వెనక చేనులో, ఎండను సగం ఆపే షేడ్‌నెట్ వల కింద నాటాం. మడుల దగ్గర పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. చూసేవాడికి ఏది ఎవరిదో తెలియకూడదని ఆ నియమం. ఎత్తు, కణుపుల మధ్య దూరం, ఆకు ఆకారం, రంగుల చార్టుతో పోల్చి అంచు రంగు, అన్నీ రాశాం. తేడాలు ఎక్కడికక్కడ తేలిపోయాయి.

రెండో ఏడాది మా కేంద్రం హెడ్ గారు మడులను ఆఫీసు ముందుకి మార్పించారు. ఈసారి బృందం వస్తుంది కదా, అదీ కారణం.

"పెద్దవాళ్ళు వస్తున్నారు మేడమ్. వెనక చేను దాకా బురదలో నడిపిస్తామా?"

"చూడాల్సింది మొక్కల్ని కదా సార్, మన వరండాని కాదు" అన్నాను. అక్కడ షేడ్‌నెట్ లేదని, జనం తిరిగే దారి అని రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. ఆయన చదివారు, సంతకం పెట్టారు, తాను అనుకున్నదే చేశారు. ఆ పైన మిరపలో తామర పురుగు విరుచుకుపడటంతో నన్ను సర్వేకి ముదిగొండ, తిరుమలాయపాలెం, ఎర్రుపాలెం మండలాలకు తోలారు. మడుల కొలతలు టెక్నికల్ అసిస్టెంటుకు అప్పగించాల్సి వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి కార్తీకం వచ్చింది, మర్నాడే బృందం రాక.

బృందంలో ముగ్గురు. చైర్మన్ పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్, నెమ్మదైన మనిషి. దరఖాస్తుదారుకు హాజరయ్యే హక్కు ఉంటుంది కాబట్టి నాగమణి కూడా వచ్చింది. చైర్మన్ గారు రెండు వరుసల మధ్య అటూ ఇటూ నడిచారు, పట్టిక చూశారు, మళ్ళీ నడిచారు.

"ఎర్ర అంచు రెండిటికీ ఉంది. ఎత్తు ఇంచుమించు ఒకటే. ఆకులు రెండిట్లోనూ ఒంటి ఆకులే. పూత ఇంకా రాలేదు. ఇక తేడా ఏం మిగిలిందమ్మా? నిరుడు రాసిన తేడాలు ఈ ఏడు లేవంటే స్థిరత్వం కూడా అనుమానమే" అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. పట్టిక కూడా అదే చెబుతోంది, అసిస్టెంటు ఉన్నది ఉన్నట్టే రాశాడు. హెడ్ గారు తల ఊపుతున్నారు. చైర్మన్ గారు పెన్ను మూత తీశారు.

"ఏంది సార్ గట్లంటరు?" నాగమణి ముందుకొచ్చింది. "మా మేకను పట్టుకొచ్చి జూపెట్టినా తేడా చెప్తది."

"మేక సంతకం చెల్లదమ్మా" అన్నారాయన, కోపం లేకుండానే.

నాకు మాత్రం కోపం వచ్చింది, కాని ఎవరి మీదో తెలియలేదు. నిరుటికీ ఇప్పటికీ అభ్యర్థి మొక్కలో ఏ మార్పూ లేదు. అదే ఎత్తు, అదే గుంట, అదే అంచు. పోలిక వరుసే నాకు కొత్తగా కనిపించింది. నడుము దాకా సాగాల్సిన రణపాల ఎందుకు పొట్టిగా, గుబురుగా ఉంది? వంగి చూశాను. రణపాలకు ఆకులు జంటలుగా వస్తాయి, కణుపుకు ఎదురెదురుగా రెండు. వరుసంతా వెతికితే పై కణుపుల్లో జంట సరిగ్గా ఉన్నది దొరకలేదు. ఒకవైపు ఆకు తెంపిన లేత మచ్చ, రెండో వైపూ మచ్చే. చాలా కొమ్మలకు తలలే లేవు. తల తుంచితే ఏ మొక్క అయినా పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. చీలిన ఆకులన్నీ పోయి, కింద ఉండే ఒంటి ఆకులే మిగిలాయి.

లేచి నిలబడి, "ఈ వరుసలో ఆకులు ఎవరు తెంపారు?" అని అడిగాను.

వాచ్‌మన్ గేటు వైపు చూశాడు. డ్రైవర్ టైరు వైపు చూశాడు. టీ పళ్ళెంతో నిలబడ్డ అటెండర్ యాదమ్మకు మాత్రం దాచడం చేతకాదు.

"అందరం తెంపినం మేడమ్. మా ఆయనకు కిడ్నీల రాళ్ళు. డ్రైవరన్న అత్తకు గూడ. సార్ అయితే రోజూ పొద్దుగాల్నే తింటడు."

సార్ అంటే హెడ్ గారు. ఆయనకు అప్పుడే దగ్గు వచ్చింది.

"మూడాకులు గలిసున్నదైతే మందుకు మంచిగ పన్జేస్తదని సారే చెప్పిండు" అని యాదమ్మ సాక్ష్యం పూర్తి చేసింది.

రాళ్ళకు అది పనిచేస్తుందో లేదో నేను చెప్పను, అది నా శాఖ కాదు. కాని చైర్మన్ గారు గొంతు తగ్గించి, "పరగడుపున తినాలా, అన్నం తిన్నాకనా?" అని అడగడం నా చెవిన పడింది.

"పరగడుపుననే సార్. రెండు మిరియాలు ఏసుకోవాలె" అంది యాదమ్మ.

అప్పుడు నేను నాకు కావలసిన ప్రశ్న అడిగాను. "మరి ఈ పక్క వరుసలో ఒక్క ఆకు కూడా తెంపలేదేం?"

"అది షోకు మొక్క గద మేడమ్. రణపాల గాదు."

"నీకెలా తెలుసు? పేరు కూడా రాసి లేదే."

"ఎట్ల తెలుసుడేంది? కండ్లు లేవా?"

"షోకు మొక్క అంటవేంది యాదమ్మా? దానిది గూడ ఆకే గద!" నాగమణి నొచ్చుకుంది. అది తనకు అనుకూలమైన సాక్ష్యమని ఆమెకు అప్పటికి తట్టలేదు. ఆగమని చెయ్యి ఊపి చైర్మన్ గారి వైపు తిరిగాను.

"సార్, ఈ కేంద్రంలో పనిచేసే ప్రతి మనిషీ ఇన్ని వారాలుగా, తెల్లవారీ తెల్లవారకముందే, పేరు రాయని రెండు వరుసల్లోంచి ఒకే వరుసను తప్పు లేకుండా గుర్తుపట్టి తెంపుకున్నారు. మా హెడ్ గారు ఒక్క రోజైనా పొరపాటున పక్క వరుస ఆకు తినలేదు. తేడా లేదని మీరు రాస్తే, వీళ్ళందరికీ అది ఎలా కనిపించిందో కూడా మీరే రాయాలి."

ఆయన నవ్వారు. "నువ్వన్నది నిజమేనమ్మా. కాని ఈ మాట పట్టికలో ఏ గడిలో రాయను?"

"ఏ గడిలోనూ వద్దు. మారింది అభ్యర్థి కాదు, పోలిక వరుస. అది చెడింది కాబట్టి ఈ ఏడాది కొలతలు చెల్లవు. కొట్టేయాల్సింది దరఖాస్తును కాదు, ఈ ఏడాది పరీక్షను. మూడో ఏడాది ఇవ్వండి. వెనక చేనులో, షేడ్‌నెట్ కింద."

ఇంకో ఏడాది అంటే నేల, మనుషులు, ఎన్ని పనులు ఆగుతాయోనని హెడ్ గారు మొదలుపెట్టారు. ఆకులు తినడానికి దొరికిన తీరిక నాటడానికీ దొరుకుతుందన్నాను. ఈ వాక్యం నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కకపోవడం ఆయన మంచితనం. చైర్మన్ గారు అంతకుముందే పెన్ను మూత పెట్టేశారు. పోలిక వరుస దెబ్బతిన్నందున పరీక్ష తిరిగి జరపాలని సిఫార్సు చేశారు.

బయటికొచ్చాక నాగమణి నిలదీసింది. "ఇంకో ఏడాదా మేడమ్? వాడు అమ్ముకుంట పోతనే ఉంటడు గద."

"అమ్ముకోనియ్. ఇవాళ తొందరపడి ఓడిపోతే వాడు జీవితాంతం అమ్ముకుంటాడు."

ఆమె నన్ను చూసి, "మీరు కొట్లాడితే బాగుంటది మేడమ్, జూడనీకి" అని వెళ్ళిపోయింది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా నోటికి దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

మూడో ఏడాది ముందుగా చేసిన పని ఆఫీసు మెట్ల పక్కన మామూలు రణపాల మడి ఒకటి వేయించడం. రాళ్ళున్నవాళ్ళు, లేనివాళ్ళు, తెంపుకున్నవాళ్ళకు తెంపుకున్నంత. ఆ తర్వాత వెనక చేనులో రెండు వరుసలు నాటి, కంచె కట్టించి, తాళం చెవి నా దగ్గర పెట్టుకున్నాను. నాకు ఇంకో ఆలోచన కూడా ఉంది. అసలు పరీక్షకు దూరంగా చిన్న మడి వేసి, అందులో రెండు రకాల తలలూ కావాలనే తుంచాం. ఆరుబయటి ఎండలో కొన్ని కుండీలు, షేడ్‌నెట్ నీడలో కొన్ని కుండీలు పెట్టాం. తేడాను ఏది చెరుపుతుందో, ఏది చెరపలేదో కూడా చూపించాలని.

ఎండలో రెండిటికీ అంచు ఎర్రబడింది. రెండో ఏడాది చైర్మన్ గారిని తికమక పెట్టింది ఇదే. నీడలో మామూలు రణపాల అంచు ఆకుపచ్చగా ఉండిపోయింది, నాగమణి మొక్క అంచు ముదురు ఎరుపుగానే నిలిచింది. తల తుంచిన మామూలు రణపాల మళ్ళీ చిగురించి పైన చీలిన ఆకులే వేసింది. ఆమెది ఎంత తుంచినా ఒంటి ఆకే వేసింది, ఆ గుంట కూడా అలాగే ఉంది. చలికాలం పూత వచ్చేదాకా ఆగమని బృందానికి నేనే రాశాను. వాళ్ళు వచ్చిన రోజు ఒక వరుసలో గంటల్లాంటి పూలు నేలకు వేలాడుతుంటే, పక్క వరుసలో పూలన్నీ సగం లేచి మమ్మల్నే చూస్తున్నాయి. చైర్మన్ గారు బురదలో ఆ చివరిదాకా నడిచి వచ్చారు. ఆయన కొలతలు అడగలేదు, నేనే పట్టిక తెరిచి ఒక్కో గడీ చదివి వినిపించాను. చూస్తే తెలిసేదాన్ని కూడా కొలిచి చెప్పడమే మా పని.

పేరు దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. ఆమె ఊరి పేరు పెడతానంది. ఊరి పేరు పెడితే ఊళ్ళో ఉన్న రణపాలంతా అదేననుకుంటారని నేనన్నాను. చివరికి 'ఎర్రంచు గరిటె' అని ఆమే తేల్చింది. ఆ పేరుతోనే నమోదైంది, హక్కుదారుగా నాగమణి పేరుంది. సత్తుపల్లి వ్యాపారి ఇప్పుడు ఆమె అనుమతి తీసుకుని, అదే పేరుతో అమ్ముతున్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం నేను సర్వీసులో లేను, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నేను పరీక్షించిన రకాలు చాలా ఉన్నాయి. ఎవరైనా అడిగితే ముందు దీని పేరే చెబుతాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది పనికి సంబంధించిన ఒక్క సంగతి. పోలిక పరీక్షలో మనందరి జాగ్రత్తా కొత్త మొక్క చుట్టూ తిరుగుతుంది. పక్కనున్నది అందరికీ తెలిసిన మొక్క కాబట్టి దానికి కాపలా అక్కర్లేదనుకుంటాం, తెలిసినది కాబట్టే ప్రతి చెయ్యీ దాని మీద పడుతుంది. పాతది చెడిపోతే కొత్తది ఎంత కొత్తదైనా నిరూపించలేం. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు మిగతావన్నీ కాగితాల్లో ఉన్నాయని చెప్పి, ఇదొక్కటే నోటితో చెప్పాను: కంచె ముందు పోలిక వరుసకు కట్టించు.