చిన్నాయన తాటిచెట్టు ఎక్కలేదు

నా చిన్నప్పుడు మా నాయన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, వెన్ను ఆపరేషన్ జరిగింది. అది ఎందుకు చెడిందని అడిగితే మా వాళ్ళంతా ఇప్పటికీ ఒకే మాట చెబుతారు: ఒళ్ళు ఆగక ముంజల కోసం తాటిచెట్టెక్కి పడ్డాడని. అది అబద్ధం. అబద్ధమని తెలిసీ ఇన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు.

మాది వాకాడు దగ్గర పల్లె. సరుగుడు కట్టెల లారీ మీద నుంచి పడి చిన్నాయన వెన్ను దెబ్బతింటే మద్రాసులో ఆపరేషన్ చేశారు. తుంటి నుంచి ఎముక ముక్కలు తీసి రెండు వెన్నుపూసల మధ్య పెట్టి, మరలు బిగించారు. మరలు పట్టి ఉంచుతాయంతే. పూసలు రెండూ ఎముకతో ఒకటిగా అతుక్కోవాలి. దానికి నెలలు పడుతుందని, అందాకా నడవాలి గానీ వంగకూడదని, బరువెత్తకూడదని డాక్టరు మా నాయనతోనే చెప్పి పంపాడు.

మా ఇంట్లో పాటించింది వేరే. చీము పడుతుందని వంకాయ మానిపించారు, చేప మానిపించారు. ఆ రెండూ డాక్టరు వద్దనలేదు. కుట్లు ఆరగానే అవ్వ చేపల పులుసు వండి పథ్యం విడిపించింది. పథ్యం విడిచినవాడు మా వాళ్ళ దృష్టిలో రోగి కాడు. వంకాయకు అంత భయపడ్డ ఇల్లు విరిగిన వెన్నుకు భయపడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గాయం మానింది కదా, ఇంకా పనికి పోవేమని నేనూ అడిగాను. చిన్నాయన కోప్పడలేదు. పెరట్లో తాను కట్టిన మామిడి అంటు దగ్గరకు తీసుకెళ్ళి కట్టు విప్పమన్నాడు. పైన చిగురు పచ్చగానే ఉంది. విప్పి కొంచెం కదిపానో లేదో, కొమ్మ నా చేతిలోకి ఊడి వచ్చింది.

"పైకి పచ్చంగా ఉంటే అతికినట్టు కాదు అబ్బయా. నా నడుమూ అంతే" అన్నాడు.

అదే వారం, ఎండాకాలపు ఎడగారు వరినాట్లకు నీళ్ళు తోడాలని నాయన డీజిల్ ఇంజనును బండికెత్తబోయాడు. కూలీలు రాలేదు. ఒక పక్క పట్టమంటే చిన్నాయన కుదరదన్నాడు.

"పులుసు మింగేదానికి వంగిన నడుము, ఇంజను ఎత్తేదానికి వంగదా?" అన్నాడు నాయన.

చిన్నాయన నా వైపు చూశాడు. లోపల అతకలేదని నాకు తెలుసు. నాయనకు భయపడి తల దించుకున్నాను. చిన్నాయన వంగి ఒక పక్క పట్టాడు. ఇంజను లేచింది. చిన్నాయన లేవలేదు.

మర సడలింది. మళ్ళీ కోశారు. ఆ తర్వాత ఆయన నడుము నిటారుగా నిలవనే లేదు, కుదిరిన పెళ్ళి సంబంధం తప్పిపోయింది. తాటిచెట్టు కథ నాయన ఆసుపత్రి వరండాలోనే అల్లాడు. అన్న పరువు కోసం చిన్నాయన ఊరుకున్నాడు. ఇప్పుడు ఎవరికి ఆపరేషన్ అయినా, ఎలా ఉన్నావని నేను అడగను. డాక్టరు ఏం వద్దన్నాడని అడుగుతాను.

మొన్న నాయన పెద్దకర్మలో, చెప్పిన మాట వినని తమ్ముణ్ణి జీవితాంతం సాకిన దేవుడని బంధువులు నాయనను పొగిడారు. చిన్నాయన అక్కడే కుర్చీలో కూర్చుని వింటున్నాడు. ఇక ఆగలేక లేచి, ఇంజను సంగతి అందరి ముందూ చెప్పాను. చచ్చినోడి మీద ఇప్పుడెందుకురా అంది మేనత్త. బతికున్నవాడి మీద ఇన్నేళ్ళూ చెప్పారు కదా అన్నాను.

తర్వాత చిన్నాయన ముందు నేల మీద కూర్చున్నాను.

"ఆ దినం భయపడింది పిల్లోడు, చిన్నాయనా. పెద్దోడినై కూడా దాచింది నేను. తప్పయిపోయింది."