పాప ఫోన్‌కు నేను వేసిన తాళం

తన ఫోన్ తెరిపించుకోవడానికి కూతురి బడికి పోయి, ప్రిన్సిపల్ మేడమ్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి కడప జిల్లా మొత్తమ్మీద ఒక్కడే ఉండి ఉంటాడు. ఆ ఒక్కడూ ఈ రాస్తున్నవాడే. ఆ రోజు నా పరువు ఎట్లా పోయిందో చెబుతాను, నిదానంగా వినండి. అప్పుడు నాకు నిదానం లేకనే ఇదంతా జరిగింది.

నాలుగేళ్ల కిందటి మాట. ప్రొద్దుటూరులో నాకు చీరల అంగడి. మా పాప హారిక అప్పుడు ఏడో తరగతి. అన్నం తింటూ ఫోన్, జడ వేయించుకుంటూ ఫోన్. ఒకరోజు బడిలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. నేను లేచి మైకు అందుకుని, తప్పు పిల్లలది కాదు, అదుపు చేయడం చేతకాని పెద్దవాళ్లది అని పావుగంట దంచాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా కొంప ముంచింది ఆ చప్పట్లే. అంత మాట అన్నాక ఏదో ఒకటి చేసి చూపించాలి కదా.

పిల్లల ఫోన్‌కు తాళం వేసే యాప్ ఒకటి ఉందని ఎవరో చెప్పారు. దాన్ని రెండు ఫోన్లలోనూ వేసుకోవాలి. ఒక ఫోన్‌లో 'తల్లిదండ్రులు' అని నొక్కాలి, ఇంకోదాంట్లో 'బిడ్డ' అని నొక్కాలి. అంతే, ఆ పెద్ద ఫోన్ ఎప్పుడు తెరవమంటే ఈ చిన్న ఫోన్ అప్పుడు తెరుచుకుంటుంది. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. బట్టల వ్యాపారం చేసే ఇళ్లలో ఒక తాను చింపితే ఇంటిల్లిపాదికీ అదే గుడ్డ. పండక్కి నా చొక్కా, పాప గౌను, కిటికీ పరదా ఒకే పూలతో ఉండేవి. ఫోన్లు కూడా అదే లెక్కన కొన్నాను. ఒకే కంపెనీ, ఒకే నీలం రంగు, ఒకే కవరు.

ఆదివారం. సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం మొదలు. నేను రెండు ఫోన్లూ ముందు పెట్టుకుని కూర్చునేసరికి నాలుగూ పది. మంచి పని రాహుకాలంలో మొదలుపెట్టే వంశం కాదు మాది. మా ఆవిడ సుజాత వంటింట్లోంచి తొంగి చూసింది.

"పాప ట్యూషన్ నుంచి వచ్చినాక చెయ్యండి. దానికి తెలుసు అవన్నీ."

"తాళం ఎట్ల వెయ్యల్లని దొంగనే పిలిచి అడుగుతారా ఎవరన్నా?"

"రెండూ ఒకే మాదిరి ఉండాయి. ఏది ఎవరిదో చూసుకుంటాండారా?"

"ఇరవై ఏండ్ల నుంచి చీరలు అమ్ముతాండా. ధర్మవరం ఏదో, కంచి ఏదో కండ్లు మూసుకుని తడిమి చెప్తా. నా ఫోన్ నాకు తెలీదా?"

ఆమె ఇంకేమీ అనలేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆమె ఏమీ అనకుండా పోయిన ప్రతిసారీ నాకు నష్టమే జరిగింది. అయినా బుద్ధి రాలేదు.

నొక్కాల్సినవన్నీ గబగబా నొక్కాను. బడి రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఫోన్ బంద్. ఆటలు బంద్. వీడియోలు బంద్. పిన్ నంబరుగా మా అంగడి పెట్టిన సంవత్సరం కొట్టాను. నాలుగూ ఇరవై ఏడుకు ముగించి, రాహువుకు మూడు నిమిషాలు మిగిల్చానన్న గర్వంతో కాఫీ తాగాను. ఏ ఫోన్‌లో ఏది నొక్కానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మరుసటి పొద్దున తొమ్మిది కావాల్సి వచ్చింది.

పాప ట్యూషన్ నుంచి రాగానే గొంతు సవరించుకున్నాను.

"రేపట్నుంచి తొమ్మిది మొదలు నాలుగు దాకా ఫోన్ బంద్. తాళం నా దగ్గర ఉండాది."

పాప తన ఫోన్ తీసి చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"సరే నాన్నా."

ఏడవలేదు, అలగలేదు. ఇదీ పెంపకమంటే అని లోలోపల మురిసిపోయాను.

సోమవారం జమ్మలమడుగులో రామసుబ్బమ్మ గారింట్లో పెళ్లి. ముహూర్తం పదకొండింటికి. మధుపర్కాలు మా అంగట్లోనే చెప్పారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఆ తెల్లబట్టలు కట్టుకోనిదే తాళి కట్టించరు. నేతగాడు ఆలస్యం చేసి శనివారం సాయంత్రం ఇచ్చాడు, నేను మూట కట్టి పెట్టుకున్నాను. సోమవారం పొద్దున తాడిపత్రి బస్సు కండక్టరు చేతిలో పెట్టాను. మాకిది మామూలే. బస్సు నంబరు ఫోటో తీసి పంపితే, అవతలివాళ్లు జమ్మలమడుగు స్టాండులో దింపుకుంటారు. దింపుకోకపోతే మధుపర్కాలు తాడిపత్రి పోతాయి, పెళ్లివాళ్లు పీటల మీద ఎదురుచూస్తుంటారు.

బస్సు ఎనిమిదీ యాభైకి కదిలింది. ఫోటో తీశాను. పంపే ముందు ఒక టీ తాగుదామనుకున్నాను. టీ బంకు ఆయనతో వానల గురించి నాలుగు మాటలు మాట్లాడి ఫోన్ తీసేసరికి తొమ్మిది దాటింది. తెర మీద కళ్లద్దాలు పెట్టుకున్న కుందేలు బొమ్మ. కింద ఇట్లా ఉంది: 'ఇది చదువుకునే సమయం. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం తియ్యి, బంగారం.'

పిన్ కొట్టాను. తప్పంది. నిదానంగా ఇంకోసారి కొట్టినా తప్పే అంది. కింద ఒకే ఒక బటన్ మిగిలింది: 'అమ్మానాన్నలను అడుగు.' నాకప్పుడు నలభై మూడేళ్లు. నొక్కాను.

నాకు నోటికి వచ్చిన నంబరు మా ఆవిడది ఒక్కటే. టీ బంకాయన ఫోన్ అడిగి తీసుకుని చేశాను.

"పాప ఫోన్ మోగుతాండాది," అంది సుజాత. "'మీ బిడ్డ అనుమతి అడుగుతున్నాడు' అని వచ్చినాది. ఎవరి బిడ్డ?"

"నేనే."

అవతల టిక్కుటిక్కుమని నొక్కుతున్న చప్పుడు.

"పిన్ అడుగుతాండాది."

"అంగడి పెట్టిన సంవత్సరం కొట్టు."

"కొట్టినా. కాదంట. పాప మార్చినట్టుంది."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారు. నేను నన్ను లోపల పెట్టుకుని మరీ ఇచ్చాను. రామసుబ్బమ్మ గారి నంబరు కోసం ఆర్డర్ పుస్తకం చూద్దామంటే, ఫోన్‌లో ఉంది కదా అని అందులో పేరూ ఊరూ మాత్రమే రాశాను. బస్సు ఆపాటికి సగం దారిలో ఉంటుంది. నా వల్ల ఒక పిల్ల పెళ్లి ఆగితే ఆ ఊళ్లో మళ్లీ ముఖం చూపించగలనా? స్కూటర్ బడికి తిప్పాను.

"ఏంది సార్, ఇంత పొద్దున్నే?" అన్నారు ప్రిన్సిపల్ మేడమ్.

"పాపను ఒక్క నిమిషం పిలిపించండి మేడమ్. ఫోన్ తెరవల్ల."

"పాప బడికి ఫోన్ తెచ్చిందా?"

"పాపది కాదు మేడమ్. నాది."

"మీ ఫోన్‌కు పాప తాళం వేసిందా?"

"లేదు మేడమ్. నేనే వేసుకున్నా."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మొన్న మీటింగులో అదుపు గురించి మాట్లాడింది మీరే కదా?"

"నేనే."

పాప వచ్చింది. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"పిన్ చెప్పమ్మా, తొందరగా."

"ఎంతసేపు కావల్ల నాన్నా?"

"పది నిమిషాలు చాలు."

"దేనికి?"

"జమ్మలమడుగు పెండ్లికి. మధుపర్కాలు బస్సులో పోతాండాయి."

"నిజంగా పనికేనా, ఊరికే వీడియోలు చూడ్డానికా?"

మేడమ్ కిటికీ వైపు తిరిగారు. ఆమె భుజాలు కదులుతున్నాయి. పాప అరచెయ్యి అడ్డం పెట్టుకుని పిన్ కొట్టి ఫోన్ నా చేతికిచ్చింది. నా పని ఎంత ముఖ్యమైనదో మేడమ్‌కు కూడా తెలియాలని స్పీకర్ పెట్టి మరీ చేశాను.

"అమ్మా, మధుపర్కాలు తాడిపత్రి బస్సులో వస్తాండాయి. ఎవరినన్నా స్టాండుకు పంపండి, తొందరగా."

"ఇప్పుడే దింపుకున్యాం శెట్టీ," అన్నారు రామసుబ్బమ్మ గారు. వెనక సన్నాయి వినబడుతోంది. "బస్సు కదలగానే కండక్టరే ఫోన్ చేసినాడు. మావాళ్లు పోయి తెచ్చినారు."

"కండక్టరుకు మీ నంబరు ఎట్ల తెలిసిందమ్మా?"

"మూట మీద నువ్వే రాసినావు కదప్పా, ఇంతింత అక్షరాలు. పేరు, ఊరు, నంబరు, అన్నీ ఉండాయి. నీకేమన్నా ఒంట్లో బాగలేదా?"

శనివారం మూట కట్టేటప్పుడు రాసి ఉంటాను. ఇరవై ఏళ్ల నుంచి ఏ మూట కట్టినా చెయ్యి దానంతటదే రాస్తుంది, తలతో దానికి పనిలేదు. పెళ్లి ఆగలేదని గుండె కుదుటపడింది. సిగ్గు మాత్రం అప్పుడే మొదలైంది.

పాప చెయ్యి చాపింది. "పని అయిపోయింది కదా నాన్నా?"

"అయింది."

"పని లేకుండా చేతిలో ఫోన్ ఎందుకు?"

ఆ మాట నాదే. రోజుకు పదిసార్లు తనతో నేను అనే మాట. పాప ఫోన్ తీసుకుని ఏదో నొక్కి తిరిగి నా జేబులో పెట్టింది. "నాలుగింటికి తెరుచుకుంటుందిలే," అని క్లాసుకు వెళ్లిపోయింది. మేడమ్ నాకు మంచినీళ్లు తెప్పించారు.

ఆ బడి గేటు దాటుతూ ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ ఏ ఫోన్‌కూ తాళం వేయను. వేయక తప్పని పరిస్థితి వస్తే, ముందు మా పాప అనుమతి తీసుకుంటాను. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తన ఫోన్‌కు తాళం వేస్తానని అనుమతి అడిగి చాలా రోజులైంది, ఇంకా పరిశీలిస్తోందట.