బావగారి ఆదివారపు ఆకాశం

మంగళవారం ఉదయం పదకొండింటికి మా ఆయన ఫోను చేశారు. "అన్నయ్య పోయాడు. టైపు ఇనిస్టిట్యూట్లోనే, కుర్సీలో కూకునే. అమ్మకి సెప్పకు, నేనొచ్చి సెప్తాను" అన్నారు. పొయ్యి కట్టేశాను. అత్తగారి గది తలుపు దగ్గరగా వేశాను. ఏ పనికైనా ఒక వరస పెట్టుకునే మనిషిని నేను. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

బావగారు మా ఆయనకు అన్నగారు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవారు. నర్సీపట్నంలో ముప్పయ్యేళ్లు టైపు నేర్పారు. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై ఆఫీసుల్లో కుదురుకున్న ఆయన శిష్యులు కొయ్యూరు నుంచి నక్కపల్లి దాకా ఉన్నారు. వాళ్లలో ఆయన గొంతు విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఆయనకు నత్తి. చెక్క స్కేలుతో బల్ల మీద ఒక దెబ్బ కొడితే మొదలుపెట్టాలి, రెండు కొడితే ఆపాలి. తప్పు కొట్టిన అక్షరం చుట్టూ ఎర్ర సున్నా. పాఠమంతా అంతే.

ఇంట్లో కొద్దిగా మాట్లాడేవారు. "అమ్మా, మ... మ..." అనేలోపే "మజ్జిగా బావగారూ?" అని గ్లాసు అందించేదాన్ని. ఆయన తల ఊపి తీసుకునేవారు. కాపురానికొచ్చిన ఏడాదికే ఆయన ఏ వేళకు ఏం అడుగుతారో నాకు కంఠతా వచ్చేసింది. ఆయనకు శ్రమ తప్పిస్తున్నాననే అనుకున్నాను.

టైపు మిషన్ల స్థానంలో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయన ఒకటి ఇంటి ముందుగదిలో కూడా పెట్టుకున్నారు. అందులో పాతకాలపు యుద్ధ విమానాలు నడిపే ఆట ఉండేది. కొన్నాళ్లకు దానికి ఫోను లైను కలిపారు. అప్పటినుంచి అది ఒంటరి ఆట కాదు. దేశదేశాల మనుషులు జట్లుగా చేరి, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, ఒకే ఆకాశంలో ఎగిరేవారు. ఆ జట్టును స్క్వాడ్రన్ అంటారు. బావగారి స్క్వాడ్రన్‌లో ఎనిమిదిమంది. వాళ్ల పెద్ద ఎక్కడో మంచుదేశంలో స్కూలు బస్సు నడిపేవాడు. అక్కడ శనివారం సాయంత్రమైతే మాకు ఆదివారం ఉదయం ఆరు.

"ఏట్రా ఇది, ఆదివారం పూట యుద్ధం ఏటి? బేగి తానం సేసి సర్చికి రా" అని అత్తగారు సణిగేవారు. ఆయన వేలితో గడియారం చూపించేవారు. ఆరాధన తొమ్మిదిన్నరకి.

ఆ రోజుల్లో జట్టువాళ్లు ఒకరికొకరు టైపు చేసుకునే మాట్లాడుకునేవారు. బావగారు ఒక చేత్తో విమానం నడుపుతూ రెండో చేత్తో టైపు చేసేవారు. ఆ వేగం ఇంకెవరికీ లేదు. "మాలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది నువ్వే" అని పెద్ద ఒకసారి రాశాడు. బావగారు నన్ను వంటింట్లోంచి పిలిచి మరీ ఆ వాక్యం చూపించారు.

కొన్నేళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దాంతోపాటు పెద్ద దగ్గరనుంచి ఒక నియమం కూడా వచ్చింది. ఇకనుంచి అందరూ మైకులోనే మాట్లాడాలి. టైపు చేసేలోపు పక్కవాడు కూలిపోతున్నాడు, నోటితో చెప్పలేనివాళ్లు ఎగరొద్దు. బావగారు కంప్యూటరు ఆపి, టైపు మిషనుకు వేసే గుడ్డ తొడుగు దానిమీద కప్పేశారు. రెండు ఆదివారాలు అందరికంటే ముందు తయారై, వరండాలో కూర్చున్నారు.

మూడో వారం నేనే అడిగాను. "నేను సెప్తానండీ బావగారూ. మీరు బల్ల మీద కొట్టండి, సాలు."

శత్రువు వచ్చే దిక్కుకు ఒక దెబ్బ కొడితే ఎడమ, రెండు కొడితే కుడి, మూడైతే పైన, నాలుగైతే వెనక. మిగతావి కాగితం మీద రాసేవారు. నాది డిగ్రీ దాకా చదివిన ఇంగ్లీషు. మొదటిరోజు నాలుగు దెబ్బలు వినగానే మైకులో, "ఎక్స్‌క్యూజ్ మీ సర్, గుడ్ మార్నింగ్ సర్" అని మొదలుపెట్టాను. శత్రువు తరుముతున్నది జట్టు పెద్దని; వయసులో పెద్దాయన, పలకరించకుండా ఎలా చెప్పడం? నా పలకరింపు పూర్తయ్యేసరికి ఆయన విమానం మంటల్లో ఉంది. బావగారు భుజాలు కదిలిపోయేలా నవ్వి, కాగితం మీద రాశారు: "గౌరవం కిందికి దిగాక ఇద్దాం. పైన ఉన్నప్పుడు దిక్కు చెప్పు."

మైకులో చప్పుడు పోతుందని ఫ్యాను ఆపేసేవాళ్లం. కుక్కరు కూత మాత్రం వెళ్లిపోయేది. అదేం సైరనని వాళ్లు అడిగితే, పప్పు ఉడికిందని చెప్పాను. తర్వాత మా కుక్కరు మూడో కూతకు యుద్ధం ముగించడం వాళ్లకు అలవాటైంది.

ప్రతి ఆదివారం ఆట లెక్కల పుస్తకం రాయడం కూడా నా పనే. ఎవరు ఎగిరారు, ఎవరు దిగారు అని గడులు గీసి, పక్కన కూల్చిన విమానాలకు ఇంకో గడి గీశాను. బావగారు దాన్ని కొట్టేశారు. "తి... తిరి..." అన్నారు. "తిరిగొచ్చినోళ్లని రాస్తే సాలా?" అన్నాను. తల ఊపారు.

అలా మూడేళ్లు ఆ స్క్వాడ్రన్‌లో బావగారి గొంతు నాదే.

మొన్న ఆదివారం ఆరింటికి మైకు పెట్టుకుని వాళ్లకు కబురు చెప్పాను. పెద్ద నెమ్మదిగా, "ఇంట్లోనూ మాతో మాట్లాడినట్టే మాట్లాడేవాడా?" అని అడిగాడు. "రెండేళ్ల నుంచి, అవునండీ" అన్నాను.

రెండేళ్ల కిందట మా చెల్లి కూతురి పుట్టినరోజుకు మాకవరపాలెం వెళ్లాను. శనివారం సాయంత్రానికి వచ్చేస్తానని బావగారితో చెప్పాను కానీ, వానకు ఆఖరి బస్సు రాలేదు. ఇంటికి ఫోను చేసి, "రేపు మీరు ఎగరలేరు, ఆళ్లకి టైపు సేసి సెప్పేయండి బావగారూ" అన్నాను. ఆయన "స... స..." అన్నారు. "సరే, ఉంటాను" అని నేనే పెట్టేశాను.

ఆదివారం మొదటి బస్సు పట్టుకుని వానలోనే దిగేసరికి ఏడు దాటింది. వరండా మెట్టెక్కుతుంటే లోపలినుంచి ఇంగ్లీషు వినిపించింది. ఎవరో కుర్రాడి గొంతు, వణుకుతోంది. తన విమానం అద్దమంతా నూనె కొట్టేసింది, ఏమీ కనిపించడం లేదు, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అంటున్నాడు. ఆటే అయినా ఆ గొంతులో భయం మాత్రం నిజంది. కిటికీలోంచి చూశాను. బావగారి తెర మీద ఆ విమానం పక్కనే ఉంది, పొగలు కక్కుతూ. దూరంగా విమానాలు దిగే మైదానం సన్న గీతలా ఉంది. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

మైకు బావగారి మూతి దగ్గర ఉంది.

"ల..." అన్నారు. మెడ నరం ఉబ్బింది. "ల... ల..."

నా నోట్లో ఆ మాట అప్పటికే తయారుగా ఉంది. లోపలికి పరుగెత్తి చెప్పేయాలని ఒక కాలు గడప మీద పెట్టాను.

స్పీకరులో ఎవరూ మాట్లాడలేదు. "ఏమిటి?" అనలేదు, "లెఫ్టా?" అని అందుకోలేదు. మంచుదేశపు పెద్ద గొంతు ఒక్కసారి, "తొందరేం లేదు, మేం ఉన్నాం" అని మాత్రం అంది. అంతమంది ఎక్కడెక్కడో తమ ఇళ్లలో కూర్చుని, ఆ ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"లె... లెఫ్ట్" అన్నారు బావగారు. పొగలు కక్కుతున్న విమానం మెల్లగా ఎడమకు ఒరిగింది. "ఇం... ఇంకొంచెం" అని తెలుగులో అని, సర్దుకుని, మళ్లీ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. తడిసిన చీర కొంగు పిండుకోవడం కూడా మానేసి, చప్పుడవకుండా కిటికీ పక్కన గోడకు ఆనుకుని, తర్వాతి మాట కోసం నేనూ ఆగాను.