హమీద్ సాబ్ నేర్పిన బౌలింగ్

తొలకరి వాన వెలిసిన పొద్దున మా కోడలు గుమ్మంలోని కొబ్బరిపీచు పట్టాను దులిపి పిట్టగోడ మీద ఆరేసింది. ఎండ తగిలేసరికి దానిలోంచి ఒక వాసన లేచింది. తడి పీచు, ఎర్రమట్టి, మేకుల తుప్పు కలిసిన వాసన. గుమ్మం పట్టాకు మేకులెక్కడివి? తుప్పు వాసనను నా ముక్కే కలుపుకున్నట్టుంది. నా యౌవనంలో సికింద్రాబాద్ మైదానాల్లో గట్టినేల మీద పొడుగాటి పీచు చాప పరిచి, అంచుల్లో ఇనుప మేకులు దిగగొట్టి, దానిమీద క్రికెట్ ఆడేవాళ్ళం. ఆ చాప కొసన, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని నిలబడి, "నర్సింగ్, నీ చెయ్యి ఎవలి మీద కోపానికొచ్చింది?" అని అడిగే హమీద్ సాబ్ గుర్తుకొచ్చాడు. చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా అరుగు మీదే కూర్చుండిపోయాను.

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. స్టేషనుకు దగ్గర్లో ఒక కలప వ్యాపారి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. రోజూ అల్వాల్ నుంచి సైకిలు మీద వచ్చేవాణ్ణి. ఆ ఆఫీసుకు మేనేజరు హమీద్ సాబ్. భువనగిరి వైపు మనిషి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఉర్దూ, కోపం వస్తే రెండూ. భారీ మనిషి, ఎర్రటి రూమీ టోపీ, నోట్లో ఎప్పుడూ పాన్. ఆయన నవ్వితే ముందు కుర్చీ కిర్రుమనేది, తర్వాత నవ్వు వినిపించేది. కలప బేరాలు ఎంత శ్రద్ధగా చూసేవాడో, మా ఆఫీసు క్రికెట్ జట్టునూ అంత శ్రద్ధగా చూసేవాడు. ఆయన ఆడగా మాత్రం ఎవరూ చూడలేదు.

నన్ను జట్టులోకి తీసుకున్నది వేగంగా బంతి వేస్తానని. వేగం తప్ప నా దగ్గర మరేమీ లేదు. పిచ్చివాడిలా పరుగెత్తుకొచ్చి, పళ్ళు బిగించి, ఒంట్లోని బలమంతా భుజంలోకి తెచ్చుకుని విసిరేవాణ్ణి. తిరుమలగిరి మైదానంలో మొదటి మ్యాచ్‌లో రెండు వికెట్లు పడగొట్టాను. మా వాళ్ళు వీపు చరుస్తుంటే ఎక్కడ లేని గర్వం వచ్చింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే కుడిచెయ్యి చెవిదాకా కూడా లేవలేదు. ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకు వెళ్ళాను.

హమీద్ సాబ్ తన బల్ల దగ్గర నుంచి నా వంకర పాపిటను కాసేపు చూసి పిలిచాడు.

"పాపిట ఎడమచేత్తో దీసినవా?"

"అవును సాబ్."

"కుడిచెయ్యి లేస్తలేదా?"

"లేస్తది సాబ్. జెర నొప్పి, అంతే."

"ఏదీ, గా పై అలమారులున్న కట్ట దీసియ్యి."

నేను ఎడమచెయ్యి చాపబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కుడిచెయ్యి ఎత్తబోయి, పళ్ళు బిగించి, మధ్యలోనే దించేశాను. అప్పుడాయన లేచి నా పక్కకు వచ్చి నిలబడి తన కుడిచెయ్యి ఎత్తాడు. అది ఛాతీదాకా వచ్చి, గోడకు తగిలినట్టు ఆగిపోయింది.

"నాది సుత గింతే," అన్నాడు. "సలాం చేస్తే జనం నాకు పొగరనుకుంటరు. చెయ్యి ఇంతకంటె లేవదని ఎంతమందికి చెప్పాలె?"

ఆ మధ్యాహ్నం కలప దుంగల నీడలో కూర్చోబెట్టి నాకు తన కథ చెప్పాడు. నా వయసులో ఆయన కంటోన్మెంట్ మైదానంలో తెల్ల సిపాయిలకు బంతులు వేసేవాడట. ఒక కెప్టెన్ ఆయన వేగం చూసి ముచ్చటపడి "ఇంకోటి" అన్నాడు. వేశాడు. మళ్ళీ "ఇంకోటి" అన్నాడు. "ఆయనకు మజా, నాకు గర్వం. పొద్దు గూకేదాక ఏసిన. లోపల దారం తెగినట్టయింది. అయినా ఇంకోటేసిన. గా ఆఖరుదే నన్ను ముంచింది." ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పాడు. విన్న నాకు మాత్రం నవ్వు రాలేదు.

"వేగం చేతుల పుట్టది బేటా," అన్నాడు తర్వాత. "మడిమల పుడతది, నడుముల పెరుగుతది, భుజంల నుంచి పోతది. చెయ్యి ఒట్టి చివరోడు. మొత్తం బరువు చివరోని మీదేస్తే వాడు చస్తడు. ఎండలు ముదిరేదాక బంతి ముట్టకు. ముట్టకుంట నేర్చుకునేటిది శానా ఉన్నది."

ఆ నేర్చుకోవడం నేను అనుకున్నట్టు మైదానంలో షురూ కాలేదు. సీతాఫల్‌మండిలో ఆయన ఇంటి పెరట్లో, మిరపకాయల రోటి దగ్గర షురూ అయింది. ఆయన భార్య ఖాజాబీని నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. సన్నగా, పొట్టిగా ఉండేది. ఏడాదికి సరిపడా కారం ఇంట్లోనే దంచుకునేది. సాబ్ నా చేతికి రోకలి ఇప్పించి, తాను ముక్కుకు రుమాలు కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నేను బలంకొద్దీ దంచాను. కాసేపటికే కళ్ళ నీళ్ళు, తుమ్ములు, భుజంలో మంట.

"ఏందయ్యా, మిరపకాయల మీద పగ బట్టినవా?" అంది చిన్నమ్మ. "నువ్వు రోకలి మీద పడుతున్నవ్. లేపుటిదాక నీ పని. పడుటం దాని పని."

ఆమె రోకలి అందుకుంది. పొరుగింటి ముచ్చట్లు చెబుతూనే దంచసాగింది. చెయ్యి మార్చి చెయ్యి, ఊపిరి మాత్రం మారలేదు. రోకలి పైకి లేచినప్పుడు ఆమె ఒళ్ళంతా లేచేది, దిగినప్పుడు ఒళ్ళంతా దిగేది. సాబ్ రుమాలులోంచే, "చెయ్యి చూడకు, మడిమలు చూడు," అన్నాడు.

"పరాయి పిలగానికి నా మడిమలు జూపిస్తవా?" అని చిన్నమ్మ గుప్పెడు తొడిమలు ఆయన మీదికి విసిరింది. మంచం కిర్రుమంది, ఆ వెనకే నవ్వు.

అలా ఎన్ని సాయంత్రాలు దంచానో. మా నాన్న అల్వాల్‌లో కూరగాయలు పండించేవాడు. ఆఫీసు నుంచి కారం వాసనతో ఇంటికొచ్చే కొడుకును చూసి, "ఉద్యోగం కలప కంపెనీలనా, కారం గిర్నిలనా?" అని అడిగాడు. అయితే నా భుజం నొప్పి తగ్గింది. రోకలి నా చేతుల్లో తేలికపడింది. చేతిని ఒంటికి అప్పగించడం అంటే ఏమిటో మాటల్లో అర్థం కానిది ఒంటికి అర్థమైంది.

ఎండలు ముదిరాక సాబ్ బంతి ఇచ్చాడు. అప్పుడు నా రెండో జబ్బు బయటపడింది. నా ఎడమచెయ్యి పనీపాటా లేకుండా పక్కన వేలాడుతోందట. "బాయిల చేద గుంజినట్టు గుంజు. ఎడమచెయ్యి పైకి పోయి తాడు బట్టుకోవాలె. అది కిందికొస్తుంటే కుడిచెయ్యి తనంతట తనే పైకొస్తది," అన్నాడు. దాన్ని సరిచేసుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇంతలో మూడోది కనిపెట్టాడు.

"బంతి ఇడిశినంక ఎందుకాగుతున్నవ్?"

"ఇడిశినంక ఇంకేమున్నది సాబ్?"

"ఉరికే బండిని ఆపాలంటే పగ్గం గుంజాలె. చక్రంల చెయ్యి పెడితే ఏమైతది? నువ్వు నీ భుజాన్నే చక్రంల పెడుతున్నవ్. ఆగకు. బంతి ఎనకనే ఇంకొంచెం ఉరుకు. నిదానంగ నిలబడు."

ఆ మాట విన్న రోజునే తేడా తెలిసింది. తక్కువ కష్టంతో ఎక్కువ వేగం వస్తోంది. పీచు చాప మీద పడ్డ బంతి బుస్సున లేస్తోంది. మా జట్టులో నెమ్మదిగా బంతులు తిప్పే పీటర్ వికెట్ల వెనక నిలబడి ఒకటి పట్టుకుని, అరచెయ్యి ఊదుకుంటూ, "రేపటి నుంచి ఇంకెవరినైనా పెట్టుకోండ్రి సాబ్," అన్నాడు. సాబ్ మొహంలో వెలుగు చూడాలి. ఆ పూట ఆయన పాన్ నమలడం కూడా మరిచిపోయాడు.

మ్యాచ్ ఎప్పుడా అని నేను తహతహలాడుతుంటే మ్యాచులే ఆగిపోయాయి. ఆ ఏడు నిజాం రాజ్యంలో రోజులు బాగా లేవు. రజాకార్ల భయంతో పల్లెల నుంచి జనం మూటలతో పట్నానికి వచ్చేవారు. ఆఫీసులో పక్కపక్కన కూర్చునేవాళ్ళు మాటలు తగ్గించారు. జట్టులో కొందరు బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారు. హమీద్ సాబ్ మాత్రం రోజూ సాయంత్రం నన్నూ పీటర్‌నూ కలప యార్డులో పరుగెత్తించేవాడు. "బయటోళ్ళ పరేషానీ బయటుండనియ్యి. పరుగు తప్పితే మళ్ళ మొదటికొస్తది," అనేవాడు.

వినాయకచవితి వెళ్ళాక యూనియన్ సైన్యాలు వచ్చాయి. పోలీసు చర్య అన్నారు. విమానాల మోత, మూసిన దుకాణాలు, రేడియోల చుట్టూ గుంపులు. కొద్దిరోజుల్లోనే అంతా ముగిసింది. తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు వెళుతుంటే జనం పూలు చల్లారు. నేనూ చల్లాను, గొంతు పోయేలా అరిచాను. ఆఫీసు తెరిచిన రోజు హమీద్ సాబ్ కుర్చీ ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే. పాకిస్తాన్ పోతున్నాడట అని ఎవరో అన్నారు.

సీతాఫల్‌మండి వెళ్ళాను. తలుపు చాలాసేపటికి కొంచెం తెరుచుకుంది. లోపల తాళ్ళతో కట్టిన పెట్టెలు. సాబ్ టోపీ లేకుండా, గడ్డం మాసి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అలా ఎన్నడూ చూడలేదు.

"మా అన్న కరాచీ పోయిండు. నన్ను సుత రమ్మంటున్నడు," అన్నాడు.

"మీకు పోవాలని ఉన్నదా సాబ్?"

"ఉన్నదో లేదో తెలుస్తలేదు. బజార్ల కాలు పెడితే ఎవలు ఎట్ల చూస్తరో అని దిగులు. నా ఊరు నాకే కొత్తగ కొడుతున్నది."

లారీల మీద పూలు చల్లి వచ్చినవాణ్ణి నేను. పోవద్దని చెప్పే పెద్దరికమూ నాకు లేదు. నోటికి వచ్చింది ఒక్కటే.

"సాబ్, నా భుజం మళ్ళ నొస్తున్నది."

ఆయన తలెత్తాడు. ఏదో గొణుక్కుంటూ చెప్పులు వేసుకుని నన్ను సందులోకి తీసుకెళ్ళాడు. "ఉరుకు," అన్నాడు. పరుగెత్తాను. బంతి లేకుండానే చెయ్యి తిప్పాను. మళ్ళీ తిప్పమన్నాడు. తిప్పాను. ఆయన నా భుజం మీద వేలు పెట్టి నొక్కి, నా మొహంలోకి చూశాడు.

"నొప్పున్నోడు గంత నున్నగ తిప్పడు బేటా. నీకు బౌలింగ్ వచ్చింది గని అబద్ధం వస్తలేదు."

నవ్వాడు. ఆ నవ్వుకు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. అక్కడి ముసలమ్మ తొంగిచూసి, "హమీద్ సాబ్, ఇంట్లనే ఉన్నరా? తలుపులు మూసుంటే పోయిండ్రేమో అనుకున్న. ఖాజాబీని జెర పంపుండ్రి, చింతపండు దంచుకునేటిదున్నది," అంది. మా వెనక తలుపు పూర్తిగా తెరుచుకుని చిన్నమ్మ గడపలో నిలబడింది. మరుసటి సోమవారం సాబ్ ఏమీ జరగనట్టు ఆఫీసుకు వచ్చి, పాపిట సరిగ్గా ఉందా లేదా అని నన్ను తేరిపార చూశాడు. పెట్టెల సంగతి చిన్నమ్మను అడిగితే, "తాళ్ళు విప్పి బట్టలారేసుకున్నం," అంది.

చలికాలంలో తిరుమలగిరికి కొత్తగా వచ్చిన సైనికుల జట్టు మమ్మల్ని మ్యాచ్‌కు పిలిచింది. ఆడేవాళ్ళు సరిపోక యార్డులో కలప కొలిచేవాళ్ళను కూడా తెచ్చుకున్నాం. మేం చేసిన పరుగులు తక్కువే. కానీ ఆ మధ్యాహ్నం నా చేతిలో బంతి మాట విన్నది. మడిమ నేలను తన్నేది, నడుము తిరిగేది, మిగతాదంతా దానంతటదే జరిగిపోయేది. ఆరుగురు నా బంతికే ఔటై వెనక్కి నడిచారు. ఒక్క వికెట్ పడితే గెలుస్తాం. అవతల వాళ్ళకూ కొద్ది పరుగులే కావాలి. సైనికులు కూడా నా వేగానికి చప్పట్లు కొడుతూ, ఇంకో ఓవర్ వెయ్యమని కేకలేస్తున్నారు. భుజంలో చిన్న సూది గుచ్చినట్టయింది. ఎవరికీ కనిపించి ఉండదు. బంతి అందుకుని మళ్ళీ నా చోటుకు నడుస్తుంటే, బౌండరీ గీత అవతల నుంచి హమీద్ సాబ్ మైదానంలోకి నడిచి వచ్చాడు.

"బస్," అన్నాడు. "బంతి పీటర్‌కియ్యి."

"ఒక్కటే వికెట్ సాబ్. ఒక్క ఓవర్."

"నేను సుత గట్లనే అన్న."

ఆయన ఎడమచెయ్యి చాపి నిలబడ్డాడు. గుంజుకోలేదు, గొంతు పెంచలేదు. ఆ చేతిలో బంతి పెట్టడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. పీటర్ వేశాడు. ఆ ఆఖరి సైనికుడు రెండు బంతులను చెట్ల మీదికి కొట్టి మ్యాచ్ గెలిచేశాడు.

సైనికులు మాకు చాయ్, పూరీలు పెట్టారు. సాబ్ వాళ్ళ సుబేదారుతో ఉర్దూలో కబుర్లాడుతూ కడుపునిండా తిన్నాడు. నేను ముట్టలేదు. తిరిగి వస్తుంటే సైకిలు నడిపించుకుంటూ నా పక్కన నడిచాడు.

"కోపమున్నదా?"

"ఉన్నది సాబ్."

"ఉండనియ్యి. రేపు పొద్దుగాల కుడిచేత్తోని పాపిట దీసుకుని, గప్పుడు తిట్టు."

మర్నాడు కుడిచేత్తోనే దువ్వుకున్నాను. నడివయసు దాటేదాకా వేగంగానే బంతి వేశాను. హమీద్ సాబ్ కరాచీ వెళ్ళలేదు. సీతాఫల్‌మండిలోనే ముసలివాడై, ఒక శుక్రవారం పొద్దున నిద్రలోనే పోయాడు. గెలిచిన మ్యాచులు ఎన్నో మరిచిపోయాను. ఓడిన ఆ ఒక్కటి బంతి బంతీ చెప్పగలను.

ఉద్యోగం నుంచి దిగాక మా అల్వాల్‌లో సాయంత్రాలు కుర్రాళ్ళకు బౌలింగ్ నేర్పుతున్నాను. వాళ్ళకూ మడిమల గురించే చెబుతాను, బావి చేద గురించే చెబుతాను. మంచి ఊపులో ఉన్నవాడు ఎప్పుడూ ఇంకో ఓవర్ అడుగుతాడు. నేను చెయ్యి చాపుతాను. బంతి నా అరచేతిలో గట్టిగా కొట్టి, నాతో మాట్లాడకుండా ఇంటికి పోతాడు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, నేను మైదానం గేటు తాళం తీసేదాకా రోడ్డు మీదే చెయ్యి తిప్పుకుంటూ నిలబడి ఉంటాడు.