గాలికి ఎదురుగా అరవై మూడు గంటలు

పోయిన బుధవారం పొద్దున మా పక్కింటి మోటార్ వైండింగ్ మెకానిక్ చనిపోయాడు. విమానం కూలి కాదు. గుండె ఆగి, ఇంటి ముందు గదిలోని తన దుకాణంలో, తన కుర్చీలో. ఈ మాట ముందే చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే కబురు తెలిసిన గంటలోపే 'విమానం మెకానిక్ కింద పడ్డాడట' అని మెదక్ బస్టాండ్ దాకా పాకిపోయింది. బతికినన్నాళ్లూ ఆయన ఎగిరాడంటే నమ్మని ఊరు, పడ్డాడంటే మాత్రం వెంటనే నమ్మింది.

మరునాడు ఫ్లెక్సీ దగ్గర పేచీ వచ్చింది. ఫోటో కింద 'మోటార్ వైండింగ్ మెకానిక్' అని వేస్తే చాలన్నాడు ఆయన బామ్మర్ది. 'పైలట్' అని కూడా ఉండాలంది ఆయన భార్య.

"అక్కా, చౌరస్తల కడతరు దాన్ని. చూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్. నవ్వినోళ్లకు కూడా దినాల నాడు అన్నం పెడదాం."

"బావ గా ఎగురుడు పైసలు దాస్తె ఇంటి మీద రెండంతస్తులు లేస్తుండె. గాలికి పోసిండు."

ఆమె తమ్ముణ్ణి వదిలేసి నా వైపు తిరిగింది. "సార్, మీరు చెప్పుండ్రి. గది అబద్ధమా?"

అబద్ధం కాదు. దానికి తొమ్మిదేళ్ల సాక్షిని నేను. అందుకే ఇది రాస్తున్నాను. చదివి నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నవ్విన వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

నేను ఈ ఊరి గ్రంథాలయంలో పని చేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్ల కిందట ఒక సాయంత్రం మెకానిక్ చేతులు కడుక్కుని, తల దువ్వుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. చదువు పదో తరగతి, తెలుగు మీడియం.

"సార్, జర ఇంగ్లీషు పుస్తకం చదువుడు నేర్పుతరా?"

"ఏం పుస్తకమయ్యా?"

"విమానం నడిపే లైసెన్సు పరీక్షది."

గట్టిగా నవ్వాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. వరండాలో చాప చూసుకుని కూర్చున్నాడు. "నవ్వుడు అయినంక చెప్పుండ్రి సార్, నాకేం తొందర లేదు."

ఆ రోజు నుంచి సాయంత్రం గంటసేపు చదివాం. నేను వాక్యం చదివేవాణ్ణి, అర్థం ఆయన చెప్పేవాడు. జీవితమంతా పుస్తకాల మధ్య బతికిన నాకు ఇంగ్లీషు వచ్చుగానీ, రెక్క మీద గాలి ఏం చేస్తుందో తెలియదు. మా ఊళ్లో ఆకాశం మీద కవిత్వం రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. శాలువాలు కూడా కప్పించుకున్నారు. ఏ మబ్బులోంచి వడగళ్లు పడతాయో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. మెకానిక్‌కు తెలుసు. మబ్బుల ఇంగ్లీషు పేర్లన్నీ వరసగా చెప్పేవాడు.

చదువుకు నేనున్నాను. గంటలకు ఎవరున్నారు? ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం నలభై గంటలు ఎగరాలి. కొన్ని గంటలు ఒంటరిగా, కొన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. పైగా డాక్టరు పరీక్ష, రాత పరీక్ష, రేడియోలో మాట్లాడే పరీక్ష. హైదరాబాద్‌లోని క్లబ్బులో గంట ఎగరడానికి ఆ రోజుల్లో పది పన్నెండు వేలు. ఆయన దాన్ని రూపాయల్లో చెప్పేవాడు కాదు, మోటార్లలో చెప్పేవాడు. రాగి తీగ ఖర్చు పోగా కాలిపోయిన బోరు మోటార్లు ఏడెనిమిది చుడితే ఒక గంట.

ఎల్దుర్తి, చేగుంట రైతులు ఎండాకాలంలో మోటార్లు ట్రాలీల్లో వేసుకుని వచ్చేవాళ్లు. అప్పుడే ఆయనకు గిరాకీ. ఒకసారి అన్నాడు: "రైతు మోటర్ కాలితెనే నేను ఎగురుడు. గది యాదికొస్తే మనసుల మంచిగనిపియ్యది సార్." అందుకని చుట్టిన మోటార్ ఏడాదిలోపు మళ్లీ కాలితే కూలీ తీసుకునేవాడు కాదు. ఆ లెక్కన ఎన్ని గంటలు పోగొట్టుకున్నాడో నాకు తెలుసు. రెండంతస్తుల బామ్మర్దికి తెలియదు.

ఇంకొక సంగతి కూడా ఆ బామ్మర్దికి తెలియదు. డబ్బున్నవాడు నాలుగైదు నెలలు వరసగా ఎగిరి, నలభై గంటలతోనో, ఒకటి రెండు ఎక్కువతోనో బయటపడతాడు. నెలకో గంట, రెండు నెలలకో గంట ఎగిరేవాడు, పోయినసారి నేర్చుకున్నదాంట్లో సగం మరిచిపోయి వస్తాడు. ఆ సగాన్ని మళ్లీ కొనుక్కోవాలి. రాత పరీక్ష పాసైన కాగితానికీ గడువుంటుంది. ఆ గడువు లోపల ఆయన గంటలు నిండలేదు, మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన రోజు మాత్రం నాకు భయమేసింది, వదిలేస్తాడేమోనని. "పాత పుస్తకం ఉన్నదా సార్, ఎవరికన్నా ఇచ్చిండ్రా?" అన్నాడు, అంతే. నలభై గంటలు చివరికి అరవై మూడయ్యాయి. నెలలు ఏళ్లయ్యాయి. లేనివాడు ప్రతిదానికీ ఎక్కువ ఖరీదు కడతాడని నేను చాలా పుస్తకాల్లో చదివాను. కళ్లతో చూసింది మాత్రం ఆ దుకాణంలోనే.

తీగ చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఆయనను ఎవరూ పలకరించకూడదు. పెదవులు మాత్రం కదిలేవి. రేడియో పరీక్ష వంతు వచ్చాక, చుట్లు అయిపోగానే విమానం రేడియోలో వాడే ఇంగ్లీషు మాటలు మొదలయ్యేవి. చాయ్ అడిగితే వంటింట్లోంచి ఆయన భార్య "స్టాండ్ బై" అని కేకేసేది. 'కాసేపాగు' అనే రేడియో మాట అది; ఎదురు దుకాణం వాళ్లు తిట్టు అనుకున్నారు.

దుకాణం మీద పాత బోరు పైపు నిలబెట్టి, మందపాటి రాగి తీగతో వలయం చేసి, భార్య పాత లంగా గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచి ఒకటి కట్టాడు. రెండు వైపులా నోరు తెరిచి ఉంటుంది. గాలి ఎటు నుంచి వస్తోందో చెబుతుంది. విమానాలు దిగే చోట ఇలాంటివి ఉంటాయి. మన దగ్గర ఏ రంగు గుడ్డ పైకెక్కినా ఏదో ఒక పార్టీది అవుతుంది. ఎన్నికల కోడ్ రాగానే మున్సిపాలిటీ వాళ్లు నిచ్చెనతో వచ్చారు.

"ఏ పార్టీది గిది?"

"పార్టీది కాదు సార్, గాలిది."

"గాలి పార్టీ ఎప్పుడు పెట్టిండ్రు?"

"మనందరికన్న ముందుగాల."

నవ్వుకుంటూనే విప్పి తీసుకుపోయారు. ఫలితాలు వచ్చిన మరునాడు ఆయన ఆఫీసుకు పోయి అడిగి తెచ్చుకుని మళ్లీ కట్టాడు. ఆ తర్వాతి ఎన్నికలకూ ఇదే తంతు.

ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే ఆయన చెప్పిన మాట ఇది: "లేసేటప్పుడు గాలికి ఎదురుంగ లేవాలె, దిగేటప్పుడు ఎదురుంగనే దిగాలె. ఎన్క నుంచి తోసే గాలి మంచిదనిపిస్తది గని సార్, గది మోసం జేస్తది."

ఆయన మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు నేను హైదరాబాద్ క్లబ్బు మైదానంలోనే ఉన్నాను. నేర్పే అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. విమానం ఆపించి, దిగి, తలుపు వేసి "ఇక మీరే పోండి అంకుల్" అన్నాడు. మెకానిక్ తల పైకెత్తి అక్కడి సంచిని ఒకసారి చూసుకున్నాడు. ఒక్క చుట్టు తిరిగి దిగాడు. నా దగ్గరికి వచ్చి ఏం చెబుతాడోనని చూస్తున్నాను. "పక్క సీటు ఖాళీగుంటే బండి ఎంత తేలికైతది సార్!" అన్నాడు. నేను ముప్పై ఏళ్లు పుస్తకాలకు నంబర్లు వేశాను, ఒక్కటి కూడా రాయలేదు. ఎవరైనా అడిగితే టైం లేదనేవాణ్ణి. ఆ రోజు తిరుగు బస్సులో మెదక్ దాకా ఆ జవాబే నన్ను తొలిచింది.

లైసెన్సు చేతికి వచ్చాక జనం అడిగింది ఒకటే: "జీతమెంత?" ఈ లైసెన్సుతో ఎగిరి డబ్బు తీసుకోకూడదు. అది చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపించేది. ఆయన దాచిన పైసలతో ఒక గంట కొని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరాడు. ఏం కనిపించిందమ్మా అని అడిగాను.

"ఏ చేను, ఏ చెల్క ఎవరిదో ఎరుకైతలేదు సార్. పొలం గట్లు దారప్పోగుల లెక్క ఉండె. గీటి కోసమా మనోళ్లు తలకాయలు పలగ్గొట్టుకునేది?"

ఆ ఒక్క గంటకు రెండంతస్తులు చాలవు.

ఫ్లెక్సీ దుకాణానికి నేనే పోయాను. లైసెన్సు బల్ల మీద పెట్టాను. "ప్రైవేట్ అంటే ప్రైవేట్ కంపెనీలనా సార్?" అన్నాడు దుకాణం అతను. "కాదు బాబూ, ఎవరి కిందా కాదు" అన్నాను. 'మోటార్ వైండింగ్ మెకానిక్, ప్రైవేట్ పైలట్' అని ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో వేయించాను. ఇప్పుడు చౌరస్తాలో ఉంది. నవ్వినవాళ్లు నవ్వారు. ఎల్దుర్తి రైతు ఒకాయన మాత్రం ట్రాలీ ఆపి, దిగి, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

దుకాణం కిరాయికి ఇచ్చే ముందు పైన ఉన్న సంచి తీసేద్దామన్నాడు బామ్మర్ది. "ఎలక్షన్లొస్తే వాళ్లే తీస్తరు. గందాక ఉండనియ్" అందామె.

నిన్న సాయంత్రం చేతికర్ర పట్టుకుని గడప దాటి పైకి చూశాను. లంగా గుడ్డ నిండుగా ఉబ్బి, తోక బస్టాండ్ వైపు చాచి ఉంది. గాలి చర్చి వైపు నుంచి వస్తోంది. రోజూ బస్టాండ్ వైపే పోతాను, అటు నడక సులువు. నిన్న చర్చి వైపు తిరిగాను. కండువా వెనక్కి ఎగురుతోంది. సర్దుకోలేదు.