మూడు వాట్లకు కుదిరిన స్పీకరు

1974లో తిరువూరు బస్టాండు దగ్గర నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. పెళ్ళిళ్ళకు మైకు సెట్లు కూడా అద్దెకిచ్చేవాణ్ణి. సౌండు సంగతి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. పాత స్పీకరు కొనేటప్పుడు మావాళ్ళంతా చేసేది ఒకటే, చేత్తో ఎత్తి చూడటం. బరువుంటే మంచిది, తేలికైతే తుక్కు.

ఒకరోజు యోహాను మాస్టారు వచ్చారు. రిటైరైన సైన్సు టీచరు. ఆయన భార్య శాంతమ్మ టీచరు చర్చిలో ఆడవాళ్ళకు పాటలు నేర్పేవారు. వాళ్ళంతా పొలం పనులకు వెళ్ళేవాళ్ళు, చదువు రాదు. ఆవిడ పాడితే విని పట్టుకోవాల్సిందే. ఆ ఏడు గొంతు ఆపరేషనై ఆవిడకు మాట పోయింది.

“పాత టేపుల్లో ఆవిడ పాటలున్నాయయ్యా సుబ్బారావ్. వాటికోసం నేనే ఓ వాల్వు ఆంప్లిఫైయర్ కట్టాను. సెకండ్ హ్యాండ్‌లో మంచి స్పీకర్లు చూసిపెట్టు” అన్నారు.

“ఎన్ని వాట్లండీ?”

“మూడు.”

నేను నవ్వేశాను. నా మైకు సెట్టుది ముప్ఫై.

బెజవాడ నుంచి రెండు స్పీకర్లు తెప్పించాను, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. ఒక్కోటి ఎనిమిది ఓమ్స్. ఓమ్స్ అంటే స్పీకరు కరెంటుకు చూపే నిరోధం. అది ఆంప్లిఫైయర్‌లోని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోవాలి. మాస్టారిది పదహారు ఓమ్స్‌కు చుట్టింది కాబట్టి రెండింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాను. షాపులో నా పెద్ద ఆంప్లిఫైయర్ మీద వాయించి చూసి పంపేశాను.

వారానికల్లా మాస్టారు మళ్ళీ వచ్చారు. “రాగం వినపడుతోందయ్యా, మాటలే తెలియట్లేదు. సౌండు పెంచితే బొంగురుపోతోంది.”

“మీ ఆంప్లిఫైయర్‌లో దమ్ము లేదండీ. అది మార్చేయండి.”

ఆయన మొహం చిన్నబోయింది. “పాటలు నేర్పడం ఇక నావల్ల కాదని ఆవిడ పాస్టరుగారికి చీటీ రాసేసింది. ఆదివారం ఇస్తానంటోంది. ఒక్కసారి ఇంటికి రావయ్యా” అన్నారు.

ఇళ్ళకు వెళ్ళి రిపేరు చేయడం నాకు నామోషీ. చీటీ మాట విన్నాక మాత్రం కాదనలేకపోయాను.

వెళ్ళేసరికి ఆడవాళ్ళు చాప మీద కూర్చుని టేపు వింటున్నారు. పాట దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టుంది. “ఏం పాడుతున్నారో తెలవట్లేదండీ టీచరుగారూ” అంది ఒకామె. శాంతమ్మగారు తల దించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ స్పీకర్లను ఆ ఆంప్లిఫైయర్‌తో కలిపి నేను వినడం అదే మొదటిసారి.

తప్పు నాదే. ఆ స్పీకర్లలో కోను, అంటే ముందుకీ వెనక్కీ ఆడి శబ్దం పుట్టించే అట్ట, బాగా మందం. దాన్ని కదపటానికి మూడు వాట్లు చాలవు. తక్కువ పవరుకే గట్టిగా పలికే గుణాన్ని సెన్సిటివిటీ అంటారు. ముప్ఫై వాట్ల వాణ్ణి, నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

మూతబడిన ఓ టూరింగ్ టాకీసు స్పీకరు నా అటక మీద పడి ఉంది. పదహారు ఓమ్స్, పల్చటి కాగితపు కోను. తేలిగ్గా ఉందని తుక్కులో వేసినదే. దాన్ని వెడల్పాటి ప్లైవుడ్ చెక్కకు బిగించి శనివారం పట్టుకెళ్ళాను.

టేపు తిరిగింది. ఒక్కో మాటా విడివిడిగా, ఎదురుగా కూర్చుని పాడినట్టు వచ్చింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆడవాళ్ళు గొంతు కలిపారు. ఇంతలో శాంతమ్మగారు చెయ్యెత్తి ఆపమన్నారు. నేను గబుక్కున టేపు ఆపాను.

ఆవిడ పలక మీద రాసి నాకిచ్చారు. “రెండో చరణంలో నాకు శ్రుతి తప్పింది. అక్కడ నాలాగా పాడొద్దని చెప్పు.”

పైకి చదివాను. అందరూ ఘొల్లుమన్నారు. ఆవిడా నవ్వారు, చప్పుడు లేకుండా. నాకు మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే చీటీ చింపేశారని తర్వాత మాస్టారు చెప్పారు.

ఎవరు స్పీకరు అడిగినా, ఎవరు వింటారు, ఏ గదిలో వింటారు అని ముందే కనుక్కోవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. బలం తక్కువున్నది కనపడగానే తప్పు దాని మీదకు నెట్టేయడం నాకు అలవాటు. వస్తువుల విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ అంతే. ఆ బుద్ధిని శాంతమ్మగారింట్లోనే వదిలి వచ్చాను.